అసలు కంటే కొసరు ఎక్కువైతే: ఇంటి పిన్‌బాల్ ఖర్చులపై తరచుగా అడిగే ప్రశ్నలు

పిన్‌బాల్ మెషీన్ (వాలుగా ఉన్న బల్ల మీద దొర్లే ఉక్కు బంతిని ఫ్లిప్పర్లు అనే రెక్కలతో కొట్టి ఆడే యంత్రం) ఇంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఎంతవుతుంది?" అని. కొన్న ఆరు నెలలకు అదే మనుషులు మళ్లీ వచ్చి "ఇంకా ఎంతవుతుంది?" అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకు ఎవరూ ముందే జవాబు చెప్పరు. చాలా ఏళ్లుగా ఈ ఆట ఆడుతూ, మెషీన్లు కొంటూ, విప్పి బాగుచేస్తూ, అమ్ముతూ నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కొత్త మెషీన్ ధర ఎంత?

కొత్త మెషీన్లలో ఎక్కువ భాగం షికాగో చుట్టుపక్కలే తయారవుతాయి కాబట్టి అమెరికాలో తయారీదారులు ప్రకటించే ధరలే చెబుతాను. స్టెర్న్ పిన్‌బాల్ 2023లో ఫూ ఫైటర్స్ మెషీన్‌ను మూడు స్థాయిల్లో విడుదల చేసింది. ప్రో 6,999 డాలర్లు, ప్రీమియం 9,699, లిమిటెడ్ ఎడిషన్ 12,999. జెర్సీ జాక్ పిన్‌బాల్ 2022లో టాయ్ స్టోరీ 4 కలెక్టర్స్ ఎడిషన్‌కు 15,000 డాలర్లు పెట్టింది. ఇదే కంపెనీ 2011లో తన మొదటి మెషీన్ ది విజార్డ్ ఆఫ్ ఓజ్‌కు ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు అడిగింది 6,500.

వీటి మీద రవాణా, పన్నులు వేరే ఉంటాయి. మెషీన్ బరువు 110 కిలోలు దాటుతుంది, కాబట్టి రవాణాను చిన్న ఖర్చు అనుకోవద్దు. మెట్లు ఎక్కించాల్సి ఉంటే ఆ మాట ముందే చెప్పి ధర మాట్లాడుకోండి.

ఇంతలా ఎందుకు పెరిగింది?

ముడిసరుకు, చిప్‌లు, కూలి అన్నీ పెరిగాయి, నిజమే. కానీ అసలు కారణం కొనే మనిషి మారిపోవడం అని నా నమ్మకం.

1992లో బ్యాలీ పేరుతో వచ్చిన ది ఆడమ్స్ ఫ్యామిలీ 20,270 మెషీన్లు తయారైంది. అవి దాదాపు అన్నీ ఆర్కేడ్లకు, బార్లకు వెళ్లాయి. కొన్నవాడు వ్యాపారి. అతని లెక్క ఒక్కటే: నాణేలు పడి, ఈ మెషీన్ ఎన్ని నెలల్లో తన డబ్బు తాను రాబడుతుంది? ఆ లెక్కకు మించి ధర పెడితే మెషీన్ అమ్ముడుపోదు. తయారీదారు చేతిని ఆ వ్యాపారి పట్టి ఉంచేవాడన్నమాట.

తర్వాత వీడియో గేములు ఆ నాణేలను తీసుకుపోయాయి. గాట్‌లీబ్ పేరుతో మెషీన్లు చేస్తున్న ప్రీమియర్ 1996లో మూతపడింది. బ్యాలీ పేరుతోనూ మెషీన్లు చేసే విలియమ్స్ 1999 అక్టోబరులో తన పిన్‌బాల్ విభాగాన్ని మూసేసింది. అప్పటినుంచి దాదాపు ఒక పుష్కరం పాటు చెప్పుకోదగ్గ స్థాయిలో మెషీన్లు తయారుచేసింది ఒక్క స్టెర్న్ మాత్రమే. ఆ కాలంలోనే ఇళ్లకు కొనుక్కునేవాళ్లు పెరిగారు. చిన్నప్పుడు నాణేలు వేసి ఆడినవాళ్లు, ఇప్పుడు చేతిలో డబ్బున్నవాళ్లు. ఇంటికి కొనేవాడి దగ్గర నెలల లెక్క లేదు. "ఇది నాకు కావాలి" అన్నదే అతని లెక్క. ధరకు పైన ఉండే మూత అక్కడ ఊడిపోయింది.

దానికి తోడు సినిమా, సంగీత బృందాల లైసెన్సులు వచ్చాయి. 1990ల నాటి నారింజ రంగు చుక్కల డిస్‌ప్లే పోయి ఎల్‌సీడీ తెరలు వచ్చాయి. ఆ తెర మీద ఆడించే బొమ్మలకు, వీడియోలకు పనిచేసే మనుషులు కావాలి. ఒకప్పుడు ఇరవై వేల మెషీన్ల మీద పంచుకున్న డిజైన్ ఖర్చును ఇప్పుడు అందులో చిన్న భాగం మీదే రాబట్టుకోవాలి. 2020లో జనం ఇళ్లలో ఇరుక్కుపోయినప్పుడు ఇంటి ఆటలకు గిరాకీ ఒక్కసారిగా లేచింది, అదే సమయంలో విడిభాగాలు దొరకలేదు. ఆ రెండేళ్లలో పెరిగిన ధరలు మళ్లీ వెనక్కి రాలేదు.

ప్రో కొంటే సగం ఆట కొన్నట్టేనా?

కాదు. ఈ భయంతోనే చాలామంది శక్తికి మించి ఖర్చు పెడుతున్నారు.

ప్రోలో బంతి తిరిగే దారులు, ఆట నియమాలు చాలావరకు పై స్థాయి మెషీన్లలో ఉన్నవే. తగ్గేది కదిలే బొమ్మలు, కొన్ని యంత్రభాగాలు, అలంకరణ. ఎంత తగ్గుతుందనేది మాత్రం ఆటను బట్టి మారుతుంది. 2018లో వచ్చిన డెడ్‌పూల్ తీసుకోండి. ప్రో ఆడినా ప్రీమియం ఆడినా చేతికి తెలిసే తేడా చాలా తక్కువ, ఎక్కువ తేడా కంటికే. కీత్ ఎల్విన్ డిజైన్ చేసిన 2021 నాటి గాడ్జిల్లా అలా కాదు. ప్రీమియంలో భవనం అంతస్తులు కూలుతుంటే, వంతెన విరిగిపడుతుంటే ఆ ఆటకు ప్రాణం వచ్చినట్టుంటుంది. ప్రోలో ఆ కదలిక లేదు. అయినా గాడ్జిల్లా ప్రో మంచి ఆటే. టోర్నమెంట్లలో తలపడేవాళ్లు చాలామంది ప్రో మెషీన్లనే ఇష్టపడతారు, బంతి ఎక్కడా ఆగకుండా వేగంగా తిరుగుతుంది కాబట్టి.

వీలైతే రెండూ ఎక్కడైనా ఒక గంట చొప్పున ఆడి చూడండి. వీడియోలు చూసి నిర్ణయించుకోవద్దు. కెమెరా బొమ్మలను చూపిస్తుంది, బంతి చేతికి ఎలా తగులుతుందో చూపించలేదు.

లిమిటెడ్ ఎడిషన్‌లో ఎక్కువేం వస్తుంది?

ఆట పరంగా ప్రీమియం కంటే దాదాపు ఏమీ ఎక్కువ ఉండదు. ప్రత్యేక చిత్రాలు, అద్దంలా మెరిసే బ్యాక్‌గ్లాస్ (వెనక నిలువు పెట్టె ముందుండే బొమ్మల గాజు), వరుస సంఖ్య ఉన్న పలక, సంతకం చేసిన పత్రం, ప్రతిబింబం పడని గాజు, మెషీన్‌ను అదిరించే షేకర్ మోటార్. వీటిలో చివరి రెండూ విడిగా కొనుక్కోవచ్చు.

మెషీన్ కొన్నాక ఇంకేం కొనమంటారు?

ఇక్కడే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మెషీన్ తలమీద పెట్టే టాపర్. కేబినెట్ లోపలి గోడలకు అంటించే బొమ్మల స్టిక్కర్లు. కాళ్లకు, అంచులకు రంగు పూసిన లోహపు భాగాలు. బంతిని వదలడానికి లాగే స్ప్రింగు కడ్డీకి ఆట కథకు తగ్గ పిడి. స్పీకర్ల చుట్టూ, కేబినెట్ లోపల ఆటతో పాటు రంగులు మార్చే లైట్లు. షేకర్ మోటార్. మంచి గాజు. హెడ్‌ఫోన్ పెట్టుకునే కిట్. తయారీదారు అమ్మేవి అయిపోయాక, ఇతరులు చేసి అమ్మే చిన్న బొమ్మలు, స్పాట్‌లైట్లు, స్పీకర్లు, సబ్‌వూఫర్లు మొదలవుతాయి.

విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తంలా కనిపించదు. పది వేల డాలర్లు పెట్టినవాడికి నూట యాభై లెక్కా అనిపిస్తుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, మెషీన్‌కు ఒక పేజీ చొప్పున కొన్న ప్రతిదీ రాసుకోండి. నేను రాయడం మొదలుపెట్టాకే నా ఖర్చు తగ్గింది. మొదటి ఏడాది పేజీ కూడినప్పుడు, ఆ డబ్బుకు పాత మెషీన్ ఒకటి బాగుచేయించుకునేవాణ్ణి కదా అని రాత్రంతా నిద్రపట్టలేదు.

టాపర్ కొనాలా?

దీనికి కొంచెం పెద్ద జవాబు చెప్పాలి.

టాపర్ అంటే బ్యాక్‌బాక్స్ (మెషీన్ వెనక నిలువుగా ఉండే పెట్టె) పైన నిలబెట్టే అలంకరణ. ఒకప్పుడు ఆర్కేడ్‌లో దూరం నుంచి జనాన్ని పిలవడానికి పెట్టేవారు, చిన్న ప్లాస్టిక్ బొమ్మో, తిరిగే లైటో. అది మెషీన్‌తోనే వచ్చేది. ఇప్పుడు విడిగా అమ్ముతున్నారు, వెయ్యి డాలర్లు దాటిన టాపర్లూ ఉన్నాయి. ఆడేటప్పుడు మీ చూపు ఫ్లిప్పర్ల దగ్గర ఉంటుంది. తల పైన ఉన్నది మీకు కనిపించదు, పక్కన నిలబడి చూసేవాళ్లకు కనిపిస్తుంది.

అయినా అందంగా ఉంటుంది, ఇష్టపడి కొనుక్కుంటే ఎవరూ తప్పుపట్టక్కర్లేదు. నా బాధ వేరే ఉంది. కొన్ని టాపర్లు బిగిస్తేనే ఆటలో ఒక ప్రత్యేక మోడ్, అంటే ఒక అదనపు ఘట్టం, తెరుచుకుంటుంది. ఆ మోడ్ ఆడటానికి కావలసిన, బంతి ఎక్కే ర్యాంపులు, బంతి తగలాల్సిన టార్గెట్లు, లైట్లు అన్నీ మీ మెషీన్‌లో ముందే ఉన్నాయి. ఆ కోడ్ కూడా మీ మెషీన్‌లోనే ఉంది. తల మీద బొమ్మ లేదు కాబట్టి తాళం తియ్యరు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఆ మాట దాచుకోదలచుకోలేదు. అలంకరణకు ఎంతైనా ధర పెట్టుకోవచ్చు. ఆట నియమాలు మాత్రం మెషీన్ కొన్న ప్రతి ఒక్కరివీ కావాలి.

కొందరు దీనికి ఎదురు వాదిస్తారు: ఆ మోడ్ తయారుచేయడానికి ప్రోగ్రామర్‌కు జీతం ఇవ్వాలి కదా, టాపర్ డబ్బు లేకపోతే ఆ మోడ్ పుట్టేదే కాదు కదా అని. ఆ వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను. అలాగైతే మోడ్‌ను మోడ్‌గానే, దాని ధరకే అమ్మాలి. పదో వంతు ధరకు అమ్మితే నేనే మొదట కొంటాను.

నా సలహా: టాపర్ విడుదలైన రోజు కొనకండి. ఆ మోడ్ ఆడినవాళ్లు ఏమంటున్నారో కొన్ని నెలలు చూడండి. ఎక్కువ సార్లు, అది లేకపోయినా ఆటకు లోటేమీ లేదని తెలుస్తుంది. అయితే టాపర్లు తక్కువ సంఖ్యలో చేసి, అయిపోయాక ఆపేస్తారు. ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదేమో అనే టెన్షన్ పెడుతుంది ఆ పద్ధతి. నేను వదిలేసిన టాపర్ కోసం తర్వాత బాధపడింది ఒక్కసారి కూడా లేదు.

ఇంటర్నెట్ కనెక్షన్, సభ్యత్వం తప్పనిసరా?

స్టెర్న్ 2021లో ఇన్‌సైడర్ కనెక్టెడ్ అనే వ్యవస్థ తెచ్చింది. ఫోన్‌లోని క్యూఆర్ కోడ్‌ను మెషీన్‌కు చూపించి లాగిన్ అయితే మీ స్కోర్లు, సాధించినవి మీ ఖాతాలో చేరతాయి. మామూలు ఖాతా ఉచితం. అంతకుముందు వచ్చిన కొన్ని మెషీన్లకు దీన్ని జతచేసే కిట్ విడిగా అమ్ముతారు. తర్వాత అదనపు సదుపాయాలతో డబ్బు కట్టే సభ్యత్వం కూడా వచ్చింది.

ఆడటానికి ఇవేవీ అక్కర్లేదు. ఇంట్లో నలుగురు ఆడేవాళ్లుంటే ఉచిత ఖాతా సరదాగానే ఉంటుంది, పిల్లలు ఒకరి స్కోరు మీద ఒకరు పోటీ పడతారు. డబ్బు కట్టే సభ్యత్వం దగ్గరికి వచ్చేసరికి, గత నెలలో ఎన్ని రోజులు ఆడారో నిజాయితీగా లెక్కేసుకోండి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు డబ్బు కట్టాలా?

మామూలు కోడ్ అప్‌డేట్లు ఉచితమే. ఇంటర్నెట్ లేకపోయినా యూఎస్‌బీ డ్రైవ్‌తో వేసుకోవచ్చు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. ఈ రోజుల్లో మెషీన్ పెట్టెలోంచి బయటికి వచ్చేసరికి ఆట నియమాలు పూర్తికాకపోవడం మామూలైపోయింది. మిగతాది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అప్‌డేట్లుగా వస్తుంది. కాబట్టి కొనేటప్పుడు రాబోయే కోడ్ మీద ఆశతో కొనకండి. ఆ రోజు మెషీన్‌లో ఉన్న ఆట నచ్చితేనే కొనండి.

సరే, నిజంగా పనికొచ్చే ఖర్చు ఏది?

బంతికి తగిలే వాటి మీద పెట్టే ఖర్చు. మొదటి డబ్బు అక్కడికే వెళ్లాలి, అవి అన్నిటికంటే చవక కూడా.

ముందు అసలు డబ్బే అక్కర్లేని పని. మెషీన్‌ను సరిగ్గా నిలబెట్టండి. ప్లేఫీల్డ్ (బంతి తిరిగే చెక్క బల్ల) వాలు సాధారణంగా 6.5 డిగ్రీలు ఉండాలి, అటు ఇటు ఒరగకూడదు. కాళ్ల కింద మరలు తిప్పితే చాలు. వేల డాలర్ల మెషీన్ కుడివైపు వంగి ఉండగా, బంతి ఎప్పుడూ ఒకే సందులోకి పోతోందని విసుక్కునేవాళ్ల ఇళ్లకు వెళ్లాను. ఐదు నిమిషాల్లో వాళ్లకు కొత్త మెషీన్ వచ్చినట్టయింది.

తర్వాత బంతులు. ఉక్కు బంతి, 27 మిల్లీమీటర్ల వ్యాసం, 80 గ్రాముల బరువు. గీతలు పడిన బంతి ప్రతి దొర్లుకూ ప్లేఫీల్డ్ మీది పూతను గరుకు కాగితంలా గీరుతుంది. ఒక బంతి ధర కొన్ని డాలర్లు మాత్రమే. ప్లేఫీల్డ్ మార్చాలంటే వెయ్యి పైమాటే, మార్చడానికి పట్టే వారాల పని వేరు. అయస్కాంతాలు ఎక్కువున్న ఆటల్లో బంతులే అయస్కాంతాలుగా మారి ఒకదానికొకటి అంటుకుంటాయి, అప్పుడు కూడా మార్చేయాలి.

రబ్బరు రింగులు కూడా అంతే. మామూలు రబ్బరు అరిగి నల్లటి పొడి రాలుస్తుంది, ఆ పొడి ప్లేఫీల్డ్‌ను మురికి చేస్తుంది. సిలికాన్ రింగులు కొంచెం శుభ్రంగా ఉంటాయి. ఫ్లిప్పర్ల మీది రబ్బరు మాత్రం చేతికి అలవాటైన రకమే వాడండి, అక్కడ బంతి ఎగిరే తీరు మారితే ఆటే మారుతుంది. ప్లాస్టిక్ భాగాల కింద పెట్టే పారదర్శక రక్షణ పలకలు మంచి కొనుగోలు. విరిగిన బొమ్మల ప్లాస్టిక్ తర్వాత దొరకడం చాలా కష్టం. ప్లేఫీల్డ్ తుడవడానికి ఒక మెత్తని గుడ్డ, కార్నాబా మైనం. ఇంతే.

పాత మెషీన్లలో ఫ్లిప్పర్ బలహీనంగా కొడుతుంటే చాలామంది కాయిల్ (ఫ్లిప్పర్‌ను కదిలించే విద్యుత్ తీగచుట్ట) మార్చాలనుకుంటారు. ఎక్కువసార్లు కాయిల్ బాగానే ఉంటుంది. లోపలి ప్లంజర్, లింకు, కాయిల్ స్టాప్, స్లీవ్ అనే చిన్న భాగాలు అరిగిపోయి ఉంటాయి. ఇవన్నీ కలిపి రీబిల్డ్ కిట్‌గా దొరుకుతాయి. ఒక సాయంత్రం పని. ఆ తర్వాత ర్యాంపు పైకి బంతి ఎక్కే తీరు చూస్తే, మీరు ఇంతవరకు పెట్టిన ఖర్చుల్లో దీనికి సాటి లేదనిపిస్తుంది.

ఎల్‌ఈడీ బల్బులు, కలర్ డిస్‌ప్లే, గాజు?

కొత్త మెషీన్లలో ఎల్‌ఈడీలే వస్తాయి. పాత మెషీన్లలో మారిస్తే వేడి, విద్యుత్తు వాడకం రెండూ తగ్గుతాయి, కనెక్టర్లు కాలిపోవడం తగ్గుతుంది. ఇది పనికొచ్చే మార్పే. కానీ మరీ చవక రకం వేస్తే మిణుకుమిణుకుమంటాయి, ఆరిపోవాల్సిన చోట కూడా మసగ్గా వెలుగుతాయి. నేను ఒకసారి మెషీన్ మొత్తానికి తెల్లటి బల్బులు వేసి, కళ్లు నొప్పిపుట్టి, సగం తీసేసి పసుపు ఛాయవి పెట్టాను. రెండు సార్లు కొన్నట్టయింది. ముందు ఒక మూలలో పది బల్బులు మార్చి వారం ఆడి చూడండి.

1990ల మెషీన్లకు నారింజ చుక్కల డిస్‌ప్లే తీసి కలర్‌డీఎండీ అనే రంగుల డిస్‌ప్లే పెట్టడం బాగా వాడుకలో ఉంది. పాత డిస్‌ప్లే చెడిపోతే ఎలాగూ మార్చాలి, అప్పుడు ఆలోచించవచ్చు. బాగున్నదాన్ని తీసేయడానికి నాకు మనసొప్పదు.

ప్రతిబింబం పడని గాజు ఖరీదే. గదిలో దీపం ఎదురుగా ఉండి బంతి కనిపించకపోతే, ముందు దీపం జరిపి చూడండి. అప్పటికీ ఇబ్బందైతే ఆ గాజు నిజంగా సుఖం. పైగా ఒకే కొలత ఉన్న మెషీన్ల మధ్య దాన్ని మార్చుకోవచ్చు, మెషీన్ అమ్మేసినా గాజు మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

పాత మెషీన్ కొంటే చవక కదా?

కొనే రోజు మాత్రం చవకే. తర్వాతి సంగతి మీ చేతుల మీద ఆధారపడి ఉంటుంది.

నేను కొన్న ఒక 1990ల మెషీన్ పైకి మెరుస్తూ ఉంది. అమ్మినవాళ్లు "అంతా చూసి ఇచ్చాం" అన్నారు. ఇంటికొచ్చి బ్యాక్‌బాక్స్ తెరిస్తే, బోర్డు మీద మూడు ఏఏ బ్యాటరీలు ఎప్పటివో, ఆకుపచ్చగా కారి చుట్టుపక్కల కరెంటు పారే రాగి దారులను తినేశాయి. ఆ కాలపు విలియమ్స్, బ్యాలీ మెషీన్లలో స్కోర్లు, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి బోర్డు మీదే బ్యాటరీలు పెట్టేవారు. కారితే ఆ ద్రవం రాగి దారులను కొరికేస్తుంది. ఆ బోర్డు బాగుచేయించడానికి మెషీన్ ధరలో చెప్పుకోదగ్గ భాగం ఖర్చయింది. ఎన్‌వీర్యామ్ అనే చిన్న చిప్ వేస్తే బ్యాటరీల అవసరమే ఉండదు. దాని ధర రెండు సెట్ల బంతుల పాటి. పాత మెషీన్ కొన్న మొదటి రోజే చేయాల్సిన పని ఇది, కనీసం ఆ బ్యాటరీలను బోర్డుకు దూరంగా మార్చండి.

కొనే ముందు గాజు తీయించి చూడండి. ప్లేఫీల్డ్ మీద రంగు పోయి చెక్క కనిపిస్తోందా, ముఖ్యంగా బంతి రంధ్రాల అంచుల్లో, ఫ్లిప్పర్ల ముందు? ప్లేఫీల్డ్‌ను పైకెత్తించి కింద అతుకుల తీగలు, కాలిన కనెక్టర్లు చూడండి. ప్రతి స్విచ్ పనిచేస్తుందో టెస్ట్ మెనూలో నొక్కి చూపించమనండి. అమ్మేవాళ్లు తొందరపెడితే వచ్చేయండి.

సోల్డరింగ్ నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటే పాత మెషీన్ వరం. 1980ల, 1990ల మెషీన్లకు సర్క్యూట్ పటాలు దొరుకుతాయి, విడిభాగాలు విడివిడిగా మార్చవచ్చు. కొత్త మెషీన్ల బోర్డుల మీద చిన్న చిన్న చిప్‌లు యంత్రంతో అతికించి ఉంటాయి, ఇంట్లో బాగుచేయడం కష్టం, ఎక్కువగా బోర్డునే మార్చాలి. మెషీన్‌ను ముట్టుకోవడానికే భయమేసేవాళ్లు మాత్రం వారంటీ ఉన్న కొత్త ప్రో తీసుకోవడమే మంచిది.

కరెంటు బిల్లు ఎక్కువొస్తుందా?

ఆడుతున్నప్పుడు మాత్రమే వేసి ఉంచితే గమనించేంత రాదు.

తయారుకాని మెషీన్‌కు ముందే డబ్బు కట్టవచ్చా?

ఏళ్లుగా మెషీన్లు చేసి ఇస్తున్న కంపెనీ, మీకు తెలిసిన డీలర్, తిరిగి ఇచ్చే చిన్న అడ్వాన్సు అయితే ఫరవాలేదు. ఇంకా ఒక్క మెషీన్ కూడా బయటికి పంపని కంపెనీకి పూర్తి డబ్బు కట్టవద్దు, వాళ్ల డిజైన్ ఎంత బాగున్నా సరే.

ఈ రంగంలో ఆ బాధ కొత్తది కాదు. స్కిట్-బీ అనే చిన్న కంపెనీ ప్రెడేటర్ మెషీన్ చేస్తామని డబ్బు తీసుకుంది. దానికి లైసెన్సే లేదని 2015లో తేలి ఆ పని ఆగిపోయింది. బ్రిటన్‌లోని హైవే పిన్‌బాల్ ఏలియన్ మెషీన్లు కొన్ని పంపాక 2018లో కుప్పకూలింది, ముందే కట్టినవాళ్లు చాలామంది మెషీన్ కోసం ఎదురుచూస్తూ మిగిలిపోయారు. వాళ్లంతా తెలివితక్కువవాళ్లేమీ కాదు. ఆట మీద ప్రేమతో, చిన్న కంపెనీ నిలబడాలని డబ్బిచ్చినవాళ్లు. చిన్న కంపెనీలు బతకాలని నాకూ ఉంది. విస్కాన్సిన్‌లోని స్పూకీ పిన్‌బాల్ ఒక చిన్న కుటుంబ సంస్థగా మొదలై నిలబడింది. కానీ మెషీన్ కళ్ల ముందు కనిపించాక డబ్బు కట్టినా వాళ్లకు సాయమే.

లిమిటెడ్ ఎడిషన్ పెట్టుబడిగా కొనవచ్చా?

వద్దు.

"లిమిటెడ్" అన్న మాటకు హద్దు కంపెనీయే గీస్తుంది. 2018లో డెడ్‌పూల్, ఐరన్ మెయిడెన్ లిమిటెడ్ ఎడిషన్లు 500 చొప్పున చేశారు. 2021లో గాడ్జిల్లాకు ఆ సంఖ్య 1,000. సంఖ్య పెరిగింది, ధరా పెరిగింది. పాతవాటి సంగతీ అంతే. మెడీవల్ మ్యాడ్‌నెస్ 1997లో సుమారు 4,000 మాత్రమే తయారైంది, అందుకే ఏళ్ల తరబడి దాని ధర ఆకాశంలో ఉండేది. 2015లో షికాగో గేమింగ్ కంపెనీ దాన్ని మళ్లీ కొత్తగా తయారుచేసి అమ్మింది. అరుదైనదని దాచుకున్నవాళ్లకు అది దెబ్బ. ఆడాలని కలలుగన్నవాళ్లకు పండగ. ఆ రెండో వర్గంలో నేనూ ఉన్నాను.

పెట్టె విప్పకుండా గోడకు చేర్చి పెట్టిన మెషీన్లను చూశాను. రబ్బరు దానంతటదే గట్టిపడి పగులుతుంది. ఆడకపోయినా మెషీన్ ముసలిదవుతుంది.

డిజిటల్ పిన్‌బాల్‌తో ఈ ఖర్చులు తప్పుతాయా?

చాలావరకు తప్పుతాయి, కానీ కొసరు ఖర్చుల పద్ధతి అక్కడా ఉంది. ఆట ఉచితంగా వస్తుంది, టేబుళ్లు (ఒక్కో మెషీన్‌కు డిజిటల్ రూపాలు) ఒక్కొక్కటిగానో ప్యాకులుగానో కొనాలి. జెన్ స్టూడియోస్ వారి పిన్‌బాల్ ఎఫ్‌ఎక్స్ కొత్త రూపంలో వచ్చినప్పుడు, పాత రూపంలో డబ్బిచ్చి కొన్న టేబుళ్లను మళ్లీ కొనాల్సి వచ్చిందని చాలామంది బాధపడ్డారు.

ఇంకో ప్రమాదం లైసెన్సు. ది పిన్‌బాల్ ఆర్కేడ్ అనే యాప్‌లో విలియమ్స్, బ్యాలీ టేబుళ్లు ఎంతో శ్రద్ధగా చేసి పెట్టారు. 2018 జూన్ చివరికి వాళ్ల లైసెన్సు ముగిసింది, ఆ టేబుళ్ల అమ్మకం ఆగిపోయింది. ముందే కొన్నవాళ్లకు ఉండిపోయాయి, ఆ తర్వాత వచ్చినవాళ్లకు దారి మూసుకుపోయింది.

విజువల్ పిన్‌బాల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితం. అభిమానులు ఏళ్ల తరబడి తమ సమయం పెట్టి కట్టిన టేబుళ్లున్నాయి. సెటప్ చేయడానికి ఓపిక కావాలి, వారాంతం ఒకటి పోతుంది. ఏ మెషీన్ కొనాలో తేల్చుకోలేనివాళ్లు ముందు అందులో ఆ ఆట నియమాలు నేర్చుకుంటే, తప్పు మెషీన్ కొనే ప్రమాదం తగ్గుతుంది. చేతికింద కాయిల్ కొట్టిన అదురు మాత్రం అందులో దొరకదు.

తక్కువ డబ్బుతో ఈ సరదా నిలుపుకోవడం ఎలా?

ఒక్క మెషీన్ పెట్టుకోండి. విసుగొచ్చినప్పుడు అమ్మి ఇంకొకటి తెచ్చుకోండి, లేదా తోటి ఆటగాడితో ఆరు నెలలకు మార్చుకోండి. మా గుంపులో ఐదుగురం అలా చేస్తున్నాం. ఒక్కొక్కరం ఒక మెషీన్ మాత్రమే కొని, ఐదు ఆటలు ఆడుతున్నాం. పనిముట్లు ఉమ్మడిగా కొన్నాం. బోర్డు పని ఒకరికి వచ్చు, ప్లేఫీల్డ్ శుభ్రం చేయడం ఇంకొకరికి ఇష్టం. రబ్బరు సెట్లు, బంతులు కలిపి ఒకేసారి తెప్పించుకుంటే రవాణా ఖర్చు పంచుకున్నట్టవుతుంది.

లీగులు, టోర్నమెంట్లు జరిగే చోటికి వెళ్లి ఆడటం ఇంకా చవక. వేరేవాళ్లు పోషిస్తున్న మెషీన్ మీద నాణెం వేసి ఆడితే ఆ మెషీన్ అక్కడ ఉండటానికి మనమూ సాయపడినట్టే.

అమ్మేటప్పుడు యాడ్-ఆన్లకు పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

సగం కూడా రాదనుకుని కొనండి. మీకు నచ్చిన బొమ్మ కొనేవాడికి నచ్చకపోవచ్చు. చిత్రాల స్టిక్కర్ల వంటివాటికి ఏమీ రాదు. తయారీదారు అమ్మిన టాపర్లు, వాటి తయారీ ఆగిపోయాక, ఒక్కోసారి మంచి ధర పలుకుతాయి, కానీ దాని మీద లెక్క వేసుకోవద్దు.

మెషీన్‌లోంచి తీసిన ప్రతి భాగాన్ని, పాత స్పీకర్, పాత బల్బులు, మామూలు గాజు, కడ్డీ పిడి అన్నీ ఒక పెట్టెలో వేసి, మీద మెషీన్ పేరు రాసి అటక మీద పెట్టండి. అమ్మే రోజు ఆ పెట్టె కిందికి దించి, యాడ్-ఆన్లు విడిగా, మెషీన్ విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది. కొనేవాడు బంతుల వయసు అడిగితే చెప్పడానికి వీలుగా, వాటిని ఏ తేదీన మార్చారో కాయిన్ డోర్ (నాణేలు వేసే చోటి తలుపు) లోపల చిన్న చీటీ అంటించి ఉంచండి.